దెబ్బ తట్టుకోవడం: బాక్సర్ తలను, మెడను, ఒంటిని సిద్ధం చేసుకునే పద్ధతి

బాక్సింగ్ జిమ్‌లో "వాడికి మంచి చిన్ ఉంది" అంటే, గడ్డం మీద గట్టి దెబ్బ పడ్డా కాళ్ళ మీద నిలబడగలడని అర్థం. ఒక్క దెబ్బకే కళ్ళు తేలేసేవాడిది "గాజు దవడ". కెనడా హెవీవెయిట్ జార్జ్ చువాలో 93 ప్రొఫెషనల్ ఫైట్లు ఆడాడు. మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్, జార్జ్ ఫోర్‌మన్ ముగ్గురి చేతా దెబ్బలు తిన్నాడు. అయినా ఒక్కసారి కూడా కింద పడలేదు. లెనాక్స్ లూయిస్ సంగతి వేరు. 1994లో ఆలివర్ మెకాల్, 2001లో హసీం రెహ్మాన్ అతన్ని ఒక్కో కుడిచేతి దెబ్బతో పడగొట్టారు. ఆ ఇద్దరినీ లూయిస్ తరువాత మళ్ళీ ఎదుర్కొని ఓడించాడు, తన తరంలో తిరుగులేని హెవీవెయిట్‌గా నిలిచాడు. మనిషికీ మనిషికీ చిన్‌లో తేడా ఉన్న మాట నిజమే. మంచి చిన్ ఉన్నవాడే మంచి బాక్సర్ అనుకోవడం మాత్రం తప్పు.

అన్నిటికన్నా ముందు ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. దెబ్బలు తింటే తల గట్టిపడదు. పిడికిలిని, ముంజేతిని, పొట్ట కండరాలను దెబ్బకు అలవాటు చేయవచ్చు, మెదడును చేయలేం. "రోజూ స్పారింగ్‌లో నాలుగు తింటేనే రాటుదేలతాడు" అనే మాట ఇప్పటికీ చాలా జిమ్‌లలో వినిపిస్తుంది (స్పారింగ్ అంటే జతగాడితో చేసే సాధన ఫైట్). ఆ మాట విని పాడైన బాక్సర్లు తక్కువ మంది కాదు. కింద చెప్పే పద్ధతి అంతా ఒకే లెక్క మీద నడుస్తుంది: తలకు తగిలే దెబ్బల సంఖ్య తగ్గాలి, తగిలిన దెబ్బ బలం తగ్గాలి, తగిలాక తేరుకునే తీరు తెలియాలి.

ఏ దెబ్బ ఎందుకు పడగొడుతుంది

మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది. నుదుటి మీద నేరుగా పడ్డ దెబ్బకు తల వెనక్కి జరుగుతుంది, పెద్దగా తిరగదు. అదే బలంతో హుక్ (మోచేయి వంచి పక్కనుంచి తిప్పి వేసే పంచ్) గడ్డం కొసకు తగిలిందంటే తల గిరుక్కున తిరుగుతుంది. తలుపును బందుల దగ్గర నెట్టి చూడండి, ఆ తరువాత అంచు దగ్గర నెట్టండి. అంచు దగ్గర వేలితో తోసినా తలుపు తిరుగుతుంది. మెడ ఇరుసైతే గడ్డం ఆ తలుపు అంచు. పుర్రె తిరిగినంత వేగంగా మెదడు తిరగలేదు, ఆ వెనకబాటులోనే నరాల తంతువులు సాగి మెలిపడతాయి. మెలకువను నిలిపి ఉంచేది మెదడు కాండం. కుదుపు అక్కడిదాకా పోయిందంటే స్పృహ తప్పుతుంది.

కణతల దగ్గర ఎముక పలచన. చెవి వెనక, దవడ మూల దగ్గర తగిలితే ఒంటి నిలకడను చూసుకునే లోపలి చెవి అదురుతుంది. అప్పుడు బాక్సర్‌కు అన్నీ తెలుస్తూనే ఉంటాయి, కాళ్ళు మాత్రం మాట వినవు. తల వెనక భాగం మీద కొట్టడం నిషిద్ధం. అక్కడ పడే దెబ్బ మెదడు కాండానికి మరీ దగ్గర.

వీటన్నిటికీ మించింది కనిపించని దెబ్బ. వస్తుందని తెలిస్తే మెడ బిగుసుకుంటుంది, దవడ మూసుకుంటుంది, తల కాస్తయినా పక్కకు జరుగుతుంది. తెలియకపోతే ఈ మూడూ జరగవు. అందుకే మధ్యస్థ బలమున్న పంచ్ కూడా చూపు పక్కన ఉన్నప్పుడు నాకౌట్ చేస్తుంది, భారీ పంచ్ కళ్ళెదుట వచ్చినా మనిషి నిలబడతాడు.

మెడ లావు, తల నిర్మాణం, ఒంటి బరువు చాలావరకు పుట్టుకతో వచ్చినవి. వాటి గురించి బెంగపడి లాభం లేదు. మిగతాదంతా మన చేతిలో ఉంది.

మొదటి పని: లోపం ఎక్కడుందో పట్టుకోవడం

మూడు రౌండ్ల మామూలు స్పారింగ్‌ను పక్కనుంచి, ఛాతీ ఎత్తులో ఫోన్ నిలబెట్టి వీడియో తీయించండి. తరువాత నెమ్మదిగా తిప్పి చూస్తూ, తలకు శుభ్రంగా తగిలిన ప్రతి దెబ్బ దగ్గరా ఆపి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆ క్షణంలో గడ్డం ఎక్కడుంది? కళ్ళు తెరిచి ఉన్నాయా? నోరు మూసి ఉందా? అంతకు ముందు నేను కొట్టిన పంచ్ ఏది?

నాలుగో ప్రశ్నే అసలు గుట్టు చెబుతుంది. చాలామందికి దెబ్బలు ఒకే చోట తగులుతాయి. జాబ్ (ముందున్న ఎడమచేత్తో నేరుగా వేసే పంచ్) వేసి చెయ్యి కిందుగా వెనక్కి తెచ్చుకునేవాడికి ఎదుటివాడి క్రాస్ (వెనకున్న కుడిచేత్తో నేరుగా వేసే పంచ్) తగులుతుంది. కుడిచేయి వేసి అక్కడే నిలబడి ఫలితం చూసుకునేవాడికి ఎడమ హుక్ తగులుతుంది. పొట్ట మీద కొట్టడానికి మోకాళ్ళు వంచకుండా నడుం మాత్రమే వంచేవాడికి కిందనుంచి పైకి వచ్చే అప్పర్‌కట్ తప్పదు. "నా చిన్ బాగాలేదు" అని వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమందికి ఉన్న జబ్బు చిన్ కాదు, చెయ్యి వెనక్కి తెచ్చుకునే దారి.

నిలబడే తీరు, గడ్డం, దవడ

పాదాల మధ్య దూరం భుజాల వెడల్పుకన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. మోకాళ్ళు ఎప్పుడూ కాస్త వంగి ఉండాలి. నిటారుగా బిగిసిన కాలు దెబ్బను మింగలేదు, మనిషిని గోడలా వెనక్కి పడేస్తుంది.

గడ్డాన్ని మెడ గుంట వైపు రెండు వేళ్ళ మందం దించండి. చూపు కనుబొమ్మల కిందనుంచి ముందుకు పోవాలి. ఎక్కువగా దించినా ముప్పే: నేల తప్ప ఏమీ కనిపించదు, ఎదుటివాడి దెబ్బలు నడినెత్తికి, తల వెనక్కి జారతాయి. సరైన కొలత తెలియాలంటే గడ్డం కింద ఒక టెన్నిస్ బంతి పెట్టి, దాన్ని జారనీయకుండా 2 నిమిషాలు నీడతో బాక్సింగ్ చేయండి, అంటే ఎదుట ఎవరూ లేకుండా గాలిలో పంచ్‌లు వేయండి. ఇలా రోజుకు 3 రౌండ్లు, మూడు వారాలు. బంతి కుడిచేయి వేసేటప్పుడు జారిపోతోందంటే, పంచ్‌తో పాటు గడ్డం ఎగరేసే అలవాటు ఉన్నట్టు.

జాబ్ వేసేటప్పుడు ఎడమ భుజం లేచి గడ్డాన్ని కప్పాలి, కుడి పిడికిలి చెంపను ఆనుకుని ఉండాలి. క్రాస్‌కు కుడి భుజం అదే పని చేస్తుంది. తేలిక సూత్రం: ఏ చెయ్యి బయటికి పోతే ఆ భుజం కాపలా, లోపల ఉన్న చెయ్యి రెండో వైపు కాపలా.

మౌత్‌గార్డ్ మీద పళ్ళు ఆన్చి ఉంచాలి, కరిచి పట్టకూడదు. నాలుక పళ్ళ వెనకే ఉండాలి. దవడ వేలాడుతూ ఉన్నప్పుడు తగిలిన దెబ్బ దవడ కీళ్ళ మీదికే పోతుంది, విరిగే ప్రమాదమూ ఎక్కువే. 1973 మార్చి 31న కెన్ నార్టన్‌తో ఫైట్‌లో అలీ దవడ విరిగింది, విరిగిన దవడతోనే 12 రౌండ్లూ ముగించాడు. అలసిపోయినవాడు నోటితో గాలి పీలుస్తాడు, నోరు తెరుచుకుంటుంది. అంటే దవడను కాపాడేది చివరికి ఊపిరే. బ్యాగ్ మీద చేసే రౌండ్లలో ముక్కుతో పీల్చి, పంచ్‌తో పాటు పళ్ళ సందుల్లోంచి వదిలే అలవాటు చేసుకోండి.

మౌత్‌గార్డ్ పళ్ళను, పెదాలను కాపాడుతుంది. మెదడు కుదుపును ఆపుతుందని నమ్మి ధైర్యం చేయకండి. వేడినీళ్ళలో ముంచి కొరికి మలుచుకునే రకం అయితే, నోరు తెరిచినా జారకుండా పై పళ్ళను అంటి ఉండాలి. జారుతోందంటే మళ్ళీ మలచండి, లేదా దంతవైద్యుడి దగ్గర కొలత ఇచ్చి చేయించుకోండి.

కన్ను మూయకపోవడం

చేయి ముఖం వైపు వస్తే రెప్ప వేయడం మనిషికి సహజం. ఆ రెప్పపాటులోనే రెండో పంచ్ దాక్కుంటుంది. దీన్ని మార్చడానికి ఓపిక కావాలి, బలం అక్కర్లేదు.

మొదటి వారం జతగాడు గ్లవ్ తొడుక్కుని మీ గార్డ్ (ముఖానికి అడ్డుపెట్టిన చేతులు) మీద, నుదుటి మీద మెత్తగా తాకాలి. పంచ్ బలం పదోవంతు కూడా ఉండకూడదు. 2 నిమిషాలు, రెండు రౌండ్లు. మీరు తప్పుకోకూడదు, కొట్టకూడదు, చూస్తూ ఉండటమే పని. రెండో వారం అదే వేగం పెరగాలి, బలం మాత్రం పెరగకూడదు. మూడో వారం జాబ్ ఒక్కటే వస్తుంది, మీరు చేతితో తట్టి తీసేస్తారు. నాలుగో వారం జాబ్, క్రాస్.

చూపు ఎదుటివాడి కళ్ళ మీదా, గ్లవ్స్ మీదా కాదు, గొంతు కింద ఎముకల దగ్గర నిలపండి. అక్కడనుంచి రెండు భుజాలూ చూపు అంచుల్లో పడతాయి. పంచ్ పిడికిలికన్నా ముందు భుజంలో పుడుతుంది. పైకి కనిపించే ఆ చిన్న కదలికే మనకు దొరికే సమయం.

ఈ అభ్యాసంలో జరిగే పొరపాటు ఒకటే: జతగాడు ఉత్సాహం కొద్దీ బలం పెంచేయడం. ఒక్కసారి ముక్కు అదిరితే వారం రోజుల పని పోతుంది, రెప్ప మళ్ళీ మొదటికొస్తుంది.

దెబ్బతో పాటు కదలడం

తప్పించుకోలేని దెబ్బను సగం చేయవచ్చు. దెబ్బకు ఎదురుపోతే రెండు వేగాలూ కలుస్తాయి, దెబ్బతో పాటు పోతే ఒకటి రెండోదాన్ని తగ్గిస్తుంది. ఎదుటివాడి పంచ్ మీదికి తల పెట్టి నడిచి వెళ్ళేవాళ్ళే ఎక్కువగా పడతారు.

దీన్ని దగ్గరగా చూద్దాం. ఎదుటివాడి ఎడమ హుక్ మీ కుడి చెంపకు వస్తోంది. తల ఒక్కదాన్నే తిప్పితే అది అతని పని మీరు చేసినట్టే అవుతుంది. చేయాల్సింది ఇది: నడుంతో సహా ఒళ్ళంతా మీ ఎడమ వైపు తిరగాలి, బరువు ముందున్న ఎడమ కాలి మీదికి జారాలి, మోకాలు కొంచెం కుంగాలి, కుడి పిడికిలి చెంపను వదలకూడదు. గ్లవ్ తాకేసరికి మీ తల అదే దిక్కున కదులుతూ ఉంటుంది. నేరుగా వచ్చే క్రాస్‌కైతే వెనక కాలి మీదికి బరువు వేస్తూ, పాదం అరడుగు వెనక్కి జరుపుతూ, భుజం ముందుకు తిప్పాలి. దెబ్బ భుజం మీదుగా జారిపోతుంది.

సాధన ఇలా మొదలుపెట్టండి. జతగాడు గ్లవ్‌ను మీ చెంపకు ఆన్చి, నెమ్మదిగా తోస్తాడు. మీరు ఆ తోపుతో పాటు బరువు మార్చుకుంటారు. ఒక్కో వైపు 10 సార్లు, 3 విడతలు. రెండు వారాల తరువాత తోపు బదులు మెల్లని పంచ్, ఆపైన మూడోవంతు వేగం. పూర్తి వేగంతో దీన్ని సాధన చేయాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.

పాడయ్యేది మూడు చోట్ల. గడ్డం పైకెత్తి వెనక్కి వాలితే మెడ నిటారై, పూర్తి సాగదీతలో దెబ్బ తగులుతుంది. పాదాలు ఒకదాన్నొకటి దాటితే చిన్న తాకిడికే పడిపోతారు. చేతులు దింపి నడుంతోనే తప్పుకోవచ్చనుకుంటే, కాళ్ళ వేగం తగ్గిన రోజున ఆ అలవాటే ముంచుతుంది.

వెనక్కి జరగడమే కాదు, లోపలికి దూరడం కూడా దెబ్బను తగ్గిస్తుంది. హుక్ సగం దారిలో ఉండగా ఛాతీకి ఛాతీ ఆనేలా అడుగేస్తే గ్లవ్ మెడ వెనకకు పోతుంది, చేయి మడతలో బలం ఉండదు. మధ్యలో ఆగిపోవడం మాత్రం పనికిరాదు. ఎదుటివాడి పంచ్‌కు గరిష్ఠ బలం ఉండేది సరిగ్గా ఆ మధ్య దూరంలోనే.

మెడ

మెడ బిగుసుకుని ఉంటే తల ఒంటరిది కాదు, మొత్తం ఒంటి బరువు దానికి జతవుతుంది. అప్పుడు అదే పంచ్‌కు తల తక్కువ తిరుగుతుంది. 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం బాస్కెట్‌బాల్, సాకర్, లాక్రోస్ ఆడే 6,704 మంది హైస్కూల్ పిల్లల మెడ బలం కొలిచింది. మెడ బలం ఒక్కో పౌను పెరిగేకొద్దీ కన్‌కషన్ (దెబ్బకు మెదడు అదిరి కలిగే గాయం) అవకాశం 5 శాతం తగ్గినట్టు తేల్చింది. బాక్సింగ్ దెబ్బ వేరు కాబట్టి ఆ అంకెను యథాతథంగా రింగ్‌లోకి తేలేం, దిశ మాత్రం స్పష్టం. ఇంకో హెచ్చరిక: కనిపించని దెబ్బకు మెడ బిగుసుకునే వ్యవధి ఉండదు. కళ్ళ సాధన లేని మెడ సాధన సగం పనే.

మొదటి 4 వారాలు చేత్తో ప్రతిఘటన. అరచేయి నుదుటికి ఆన్చి, తల కదలకుండా రెండూ ఒకదాన్నొకటి నెట్టుకోవాలి. 6 సెకన్లు పట్టి ఉంచి వదలండి. ముందు, వెనక, కుడి, ఎడమ ఒక్కో వైపు 5 సార్లు. వారానికి 3 రోజులు. ఊపిరి బిగపట్టకండి.

5వ వారం నుంచి బల్ల మీద పడుకుని, తల అంచు దాటించి, నుదుటి మీద మడిచిన తువ్వాలు, దాని మీద 1.25 కిలోల ప్లేటు పెట్టుకోండి. గడ్డం మెడ గుంటవైపు ముడుస్తూ తల నెమ్మదిగా ఎత్తి దించాలి. 15 సార్లు, 2 విడతలు. తరువాత బోర్లా పడుకుని తల వెనక ప్లేటుతో అలాగే. 20 సార్లు తేలిగ్గా వస్తే 2.5 కిలోలకు పోవచ్చు. భుజాలు ఎగరేసే వ్యాయామం డంబెల్స్‌తో 12 సార్లు, 3 విడతలు చేస్తే మెడ మొదలు గట్టిపడుతుంది.

తల నేలకు ఆన్చి ఒంటి బరువంతా దాని మీద ఊపే కుస్తీ వంతెన కొత్తవాళ్ళకు వద్దు. మెడ వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ళల మీద ఒత్తిడి పడుతుంది. చేయి తిమ్మిరెక్కినా, భుజంలోకి కరెంటు కొట్టినట్టు నొప్పి పాకినా ఆ రోజే ఆపి డాక్టర్‌కు చూపించండి. మెడ కండరాలు పట్టేసిన మర్నాడు స్పారింగ్ పెట్టుకోవద్దు.

పొట్ట, పక్కటెముకలు

ఇక్కడ మాత్రం దెబ్బకు అలవాటు పడటం నిజంగానే పనిచేస్తుంది. కారణం, రక్షణ ఇచ్చేది కండరం, దానికి సమయం చూసి బిగుసుకోవడం నేర్పవచ్చు.

కీలకం ఊపిరి. గ్లవ్ తాకే క్షణంలో పళ్ళ సందుల్లోంచి "స్స్" అని కొంచెం గాలి వదలాలి, పొట్ట బిగించాలి. గాలి నిండుగా ఉన్నా, పూర్తిగా ఖాళీగా ఉన్నా దెబ్బ లోపలికి దిగుతుంది. గాలి పీలుస్తూ ఉండగా తగిలిన దెబ్బ అన్నిటికన్నా చెడ్డది. తెలివైన బాక్సర్ ఎదుటివాడి ఛాతీ ఉబ్బేదాకా ఆగి కొడతాడు.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. జతగాడు 2 కిలోల మెడిసిన్ బాల్‌ను జానెడు ఎత్తునుంచి పొట్ట మీద వదులుతాడు. తాకేటప్పుడు ఊపిరి, బిగింపు, ఆ వెంటనే సడలింపు. 10 సార్లు, 3 విడతలు. ఎత్తు వారానికి కాస్త పెంచుతూ మోచేయి పొడవు దాటకుండా ఉంచండి. బంతి పొట్ట మీదే పడాలి, రొమ్ము ఎముక కొస మీదా, పక్కటెముకల మీదా పడకూడదు. నెల తరువాత పొట్టకు మాత్రమే కొట్టుకునే స్పారింగ్: 2 నిమిషాలు, 3 రౌండ్లు, సగం బలంతో. తిన్న 2 గంటల లోపు వద్దు.

ఇంత చేసినా కాలేయం దెబ్బ వేరే సంగతి. కుడివైపు, చివరి పక్కటెముకల అంచున అది దాగి ఉంటుంది, ఎదుటివాడి ఎడమ హుక్‌కు సరిగ్గా అందే చోటు. అక్కడ తగిలినప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. తాకిన క్షణంలో బాక్సర్ ఇంకా నిలబడే ఉంటాడు, ఒక్కోసారి తిరిగి పంచ్ కూడా వేస్తాడు. సెకను గడిచాక ముఖం ముడుచుకుంటుంది, కుడి మోచేయి దానంతటదే పక్కకు అతుక్కుంటుంది, మోకాళ్ళు కుంగుతాయి. కాలేయం చుట్టూ ఉన్న పొరలోని నరాలు అదిరి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, కాళ్ళకు పట్టు పోతుంది. తెలివి మాత్రం స్పష్టంగా ఉంటుంది. పదిదాకా లెక్కపెట్టే రెఫరీ అంకెలు వినిపిస్తుంటాయి, లేవాలని మనసు తహతహలాడుతుంది, ఒళ్ళు లేవదు. 2004 సెప్టెంబరు 18న బెర్నార్డ్ హాప్కిన్స్ దెబ్బకు ఆస్కార్ డి లా హోయా 9వ రౌండ్‌లో లేవలేకపోయింది ఇందుకే. దీనికి వ్యాయామం జవాబు కాదు, కుడి మోచేయి జవాబు. క్రాస్ వేశాక ఆ మోచేయి నేరుగా పక్కటెముకల మీదికి తిరిగి రావాలి.

పొట్ట దెబ్బల తరువాత మూత్రంలో రక్తం కనిపించినా, కడుపు నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, భుజం కొసలో కారణం లేని నొప్పి మొదలైనా ఆసుపత్రికి వెళ్ళాలి. ప్లీహం, కాలేయం చిట్లితే భుజంలో నొప్పి తెలియడం మామూలే.

బరువు, నీళ్ళు

తూకం కోసం ఒంట్లోని నీరు పిండేసుకున్న బాక్సర్ రింగ్‌లోకి బలహీనమైన చిన్‌తో వస్తాడు. రక్తం పరిమాణం తగ్గుతుంది, కాళ్ళు త్వరగా బరువెక్కుతాయి, దెబ్బ తగిలాక తేరుకోవడం ఆలస్యమవుతుంది. తూకం తరువాత నీళ్ళు తాగితే కండరాలు కొన్ని గంటల్లో కోలుకున్నట్టు అనిపిస్తాయి, ఒళ్ళంతా పూర్తిగా కోలుకోవడానికి అంతకన్నా ఎక్కువ సమయం కావాలి.

రాయ్ జోన్స్ 2003 మార్చిలో హెవీవెయిట్‌గా జాన్ రూయిజ్‌ను ఓడించాడు. తరువాత కండ కరిగించుకుని లైట్ హెవీవెయిట్‌కు దిగాడు. 2004 మే నెలలో ఆంటోనియో టార్వర్ రెండో రౌండ్‌లోనే నాకౌట్ చేశాడు, సెప్టెంబరులో గ్లెన్ జాన్సన్ 9వ రౌండ్‌లో. వయసు 35 దాటడమూ, బరువు తగ్గించడమూ రెండూ కలిసి అతని కాళ్ళను, చూపును తినేశాయనే చెప్పాలి.

65 కిలోల మనిషికి చివరి వారంలో తగ్గించేది 2 కిలోలకు మించకూడదు. అంతకు మించి తగ్గాలంటే 8 వారాల ముందే తిండి సరిచూసుకోవాలి, లేదా పై తరగతికి వెళ్ళాలి.

దెబ్బ తగిలాక తొలి సెకన్లు

కింద పడితే వెంటనే లేవాలనిపిస్తుంది. అది గర్వం చెప్పే మాట. 2001 నవంబరులో కోస్త్యా జూ కుడిచేతి దెబ్బకు జాబ్ జూడా (Zab Judah) అనే బాక్సర్ రెండో రౌండ్‌లో పడ్డాడు, క్షణంలో గభాలున లేచాడు, కాళ్ళు పిచ్చి నాట్యం చేసి మళ్ళీ కుప్పకూలాడు. రెఫరీ ఫైట్ ఆపేశాడు. మోకాలి మీద ఆగి ఉంటే 8 సెకన్లు అతనివే.

పడ్డాక ఒక మోకాలు, ఒక పాదం నేల మీద ఉంచి మీ కార్నర్ వైపు చూడండి. ముక్కుతో గాలి లోతుగా పీల్చండి. కార్నర్‌లోని మనిషి వేళ్ళతో అంకె చూపిస్తాడు. 7 దగ్గర లేవడం మొదలుపెడితే 8కి పాదాలు వెడల్పుగా నిలుస్తాయి. రెఫరీ ముఖంలోకి చూడండి, చేతులు పైకెత్తండి, రమ్మంటే రెండడుగులు ముందుకు వేయండి. ఆయన చూసేది మీ మాటను కాదు, కళ్ళను, నడకను.

పడకుండా అదిరినప్పుడు మొదటి పని క్లించ్. రెండు చేతులూ ఎదుటివాడి చంకల కిందనుంచి పోనిచ్చి, మీ నుదురు అతని భుజం మీద పెట్టి, బరువు అతని మీద వేయండి. పట్టు దొరకకపోతే అతని బలమైన చెయ్యికి దూరంగా పక్కకు తిరుగుతూ పోండి. నేరుగా వెనక్కి పోతే తాళ్ళ దగ్గర ఇరుక్కుంటారు. తల విదిలించి, "ఏం కాలేదు" అన్నట్టు నవ్వడం ఎదుటివాడికి కబురు పంపడమే. 2017 ఏప్రిల్ 29న వ్లాదిమిర్ క్లిచ్‌కో 6వ రౌండ్‌లో ఆంథొనీ జాషువాను పడగొట్టాడు. జాషువా ఆ తరువాతి రౌండ్లలో తొందరపడకుండా ఒళ్ళు కూడదీసుకుని 11వ రౌండ్‌లో గెలిచాడు.

ఇవన్నీ పోటీకి చెప్పినవి. స్పారింగ్‌లో అదిరితే క్లించ్ లేదు, తేరుకోవడం లేదు. ఆ రోజుకు గ్లవ్స్ విప్పేయడమే.

స్పారింగ్ మోతాదు

గట్టి స్పారింగ్ వారానికి ఒక్కరోజు చాలు, అదీ పోటీ దగ్గరపడ్డప్పుడే. గ్లవ్స్ 16 ఔన్సులవి. ఫైట్‌కు 10 రోజుల ముందు చివరి గట్టి స్పారింగ్ అయిపోవాలి. మిగతా రోజుల్లో మెల్లని సాంకేతిక స్పారింగ్, ఒక్క జాబ్‌తో ఆడే రౌండ్లు, పొట్టకు మాత్రమే కొట్టుకునే రౌండ్లు.

హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. తల తిరగడాన్ని ఆపదు, పైగా పక్క చూపును కొంత మూస్తుంది. 1984 నుంచి ఒలింపిక్స్‌లో తప్పనిసరిగా ఉన్న హెడ్‌గార్డ్‌ను 2013లో పురుషుల అగ్రశ్రేణి అమెచ్యూర్ పోటీల్లో తీసేశారు, 2016 రియోలో పురుషులు అది లేకుండానే ఆడారు. జిమ్‌లో పెట్టుకోండి. అది ఉంది కదా అని ఒక్క దెబ్బ కూడా అదనంగా తినవద్దు.

కన్‌కషన్ అయితే

స్పృహ తప్పితేనే కన్‌కషన్ అనుకోవడం ప్రమాదం. తలనొప్పి, వికారం, వెలుతురు భరించలేకపోవడం, రౌండ్ నంబరు గుర్తులేకపోవడం, నిద్ర చెడటం, ఊరికే చిరాకు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే అనుకోవాలి.

తలనొప్పి నిమిష నిమిషానికీ పెరుగుతున్నా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, ఒక కంటిపాప పెద్దదైనా, మాట తడబడినా, మత్తుగా పడి లేవకపోయినా వెంటనే అత్యవసర విభాగానికి. పుర్రె లోపల రక్తం చేరుతున్నప్పుడు మనిషి మొదట కొంతసేపు బాగానే కనిపించవచ్చు. అందుకే ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు.

మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి, తేలికపాటి నడక. తరువాత మెట్టు మెట్టుగా: సైకిలు లేదా చిన్న పరుగు, నీడతో బాక్సింగ్, బ్యాగ్, ప్యాడ్లు. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు, లక్షణం తిరిగొస్తే ఒక మెట్టు వెనక్కి. స్పారింగ్ డాక్టర్ ఒప్పుకున్నాకే. తల దెబ్బకు ఫైట్ ఆగిపోతే 30 రోజుల లోపు రింగ్ ఎక్కే మాటే ఎత్తకూడదు, స్పృహ తప్పి ఉంటే ఇంకా ఎక్కువ. మొదటి గాయం మానకముందే తగిలే రెండో దెబ్బ, చిన్నదైనా సరే, మెదడును వాపెక్కించి ప్రాణం తీసిన సందర్భాలున్నాయి.

తరిగిపోతున్న చిన్‌ను గుర్తించడం

1928లో అమెరికన్ వైద్యుడు హారిసన్ మార్ట్‌లండ్ బాక్సర్లలో కనిపించే మాట ముద్ద, నడక తడబాటు, మతిమరుపుల గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆ రోజు నుంచి ఈ ముప్పు రహస్యం కాదు. 1982 నవంబరు 13న రే మాన్సినీతో ఫైట్‌లో 14వ రౌండ్‌లో పడిపోయిన డుక్ కూ కిమ్ నాలుగు రోజులకు చనిపోయాడు, ఆ తరువాతే టైటిల్ ఫైట్లు 15 రౌండ్ల నుంచి 12కు తగ్గుతూ వచ్చాయి. 1975 అక్టోబరు 1న మనీలాలో అలీతో ఫైట్‌లో 14 రౌండ్లు అయ్యాక, ఇంకొక్క రౌండ్ మిగిలి ఉండగా, కోచ్ ఎడ్డీ ఫచ్ తన బాక్సర్ ఫ్రేజియర్‌ను స్టూల్ మీద నుంచి లేవనివ్వలేదు. మంచి చిన్ ఉన్నవాడికే ఇలాంటి మనిషి ఎక్కువ అవసరం, ఎందుకంటే అతను తనంతట తాను పడడు. పడనివాడు తినే దెబ్బలకు లెక్క ఉండదు. 1977లో ఎర్నీ షేవర్స్‌తో ఫైట్ తరువాత అలీని ఆపమని చెప్పి, మాట చెల్లక తప్పుకున్నాడు అతని వైద్యుడు ఫెర్డీ పచేకో. అలీ ఆ తరువాత మరో నాలుగు ఫైట్లు ఆడాడు.

కోచ్ దగ్గర ప్రతి బాక్సర్‌కూ ఒక నోటుబుక్ ఉండాలి. అందులో తేదీ, స్పారింగ్ రౌండ్లు, తలకు తగిలిన గట్టి దెబ్బలు, మర్నాటి తలనొప్పి, నిద్ర రాయాలి. ఏడాదికోసారి బాక్సర్ చేత ఒకే పేరా చదివించి ఫోన్‌లో రికార్డు చేయాలి, పాత రికార్డు పక్కన పెట్టి వినాలి. మాట సాగుతోందా, అక్షరాలు మింగుతున్నాడా అన్నది ఇంట్లోవాళ్ళకన్నా ముందు ఆ రికార్డు చెబుతుంది. నిరుడు నవ్వుతూ తీసుకున్న జాబ్‌కు ఈ ఏడు కాళ్ళు అదిరినట్టు నోటుబుక్‌లో రెండోసారి రాయాల్సి వస్తే, స్పారింగ్ ఆపించి నరాల డాక్టర్ దగ్గరికి పంపాలి. రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ బాక్సర్‌కు ఏ ఫైట్ ఒప్పుకోకూడదు.